సోమవారం లేవని కంప్యూటరు

కంప్యూటరు అరుపు విని దాని జబ్బేమిటో చెప్పగల మనిషి మా చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. వాడు నేనే. చదువు మధ్యలో మానేశాను కాబట్టి బుర్రలో బోలెడు చోటు మిగిలిపోయింది. ఆ చోటంతా చెవులకిచ్చేశాను. పాత డెస్క్‌టాప్ లేవనంటే, ఫోను తీసుకెళ్ళి దాని పక్కన పెట్టమంటాను. స్విచ్చి నొక్కగానే లోపలున్న చిన్న స్పీకరు ఏదో ఒకటి కూస్తుంది. ఒక్కసారి పొట్టిగా కూస్తే కులాసా. ఒక పొడుగు, రెండు పొట్టి అయితే తెరకు బొమ్మ పంపే కార్డు కదిలింది. ఆపకుండా పొడుగ్గా అరుస్తూనే ఉంటే ర్యాము వదులైంది. నేను కళ్ళు మూసుకుని విని తీర్పు చెబుతాను. ఒకసారి ఇలా ఫోన్లోనే వైద్యం చేస్తుంటే, ఆ ఇంట్లో రెండేళ్ళుగా మూలుగుతున్న ఫ్రిజ్ కూడా సిగ్గుపడి మూలగడం మానేసింది. నమ్మనివాళ్ళు ఆ ఇంటికి వెళ్ళి అడగవచ్చు. ఇల్లెక్కడో మాత్రం నేను చెప్పను.

మా దుకాణం ఒకటే గది, మధ్యలో చెక్క అడ్డం. ముందు సగంలో మా అక్క జిరాక్స్ మిషను, వెనక సగంలో నేనూ, నా చచ్చిన కంప్యూటర్లూ. "వీడు చదువు మానలేదండీ, చదువే వీణ్ణి చూసి గోడ దూకింది" అని జిరాక్సుకొచ్చిన ప్రతివాళ్ళకీ కాగితాలతో పాటు ఆ మాట కూడా అందిస్తుంది అక్క. ఆవిడ నోటికి మూత లేదు. అదొక్కటే మా ఇద్దరికీ పోలిక.

కాటా బాబాయి నాకు ముందు ఫోన్లోనే పరిచయం. ఒక సోమవారం పొద్దున్న, దుకాణం తలుపు ఇంకా సగమే తీశాం.

"కంప్యూటర్ డాక్టరేనా? ఇది లేవట్లేదు బాబూ. ఫ్యాను తిరుగుతోంది, తెర మీద ఏమీ లేదు, లోపల్నుంచి ఒకటే అరుపు."

"మీరు ఆగండి, దాన్ని మాట్లాడనివ్వండి," అన్నాను.

ఫోను దాని దగ్గర పెట్టాడు. పొడుగాటి అరుపు, చిన్న విరామం, మళ్ళీ పొడుగాటి అరుపు. "ర్యాము," అన్నాను. "ఇరవై నిమిషాల్లో వస్తున్నా. అందాకా స్విచ్చి ఆపెయ్యండి, పాపం దాని గొంతు పోతుంది."

బాబాయి పనిచేసే లారీల కాటా ఊరి చివర, లారీలు మలుపు తిరిగే రోడ్డు పక్కన ఉంది. నేలలో గుంట తవ్వి, చుట్టూ సిమెంటు దిమ్మ కట్టి, పైన లారీ పట్టేంత ఇనుప పలక పరిచారు. లారీ ఆ పలక మీద నిలబడితే దాని బరువు పక్కనున్న కేబిన్లో తెలుస్తుంది. కేబిన్ అంటే నాలుగడుగులు వేస్తే గోడ తగిలే గది. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక పొడుగాటి బెంచీ, నీళ్ళ క్యాను. బరువు చూపించే అంకెల పెట్టె ఎప్పుడో కన్నుమూసింది. పలక కిందనుంచి వచ్చే తీగను తిన్నగా కంప్యూటర్లోకే దూర్చారు. కంప్యూటరు లేస్తేనే బరువు, బరువు తెలిస్తేనే చీటీ, చీటీ చేతికొస్తేనే లారీ కదిలేది.

బల్ల కిటికీకి ఆనించి ఉంది. కంప్యూటరు డబ్బా కింద నేలమీద ఉంది. కవరు విప్పి, ర్యాము లాగి, దాని పళ్ళను పెన్సిలు రబ్బరుతో రుద్ది, నోటితో దుమ్ము ఊది, మళ్ళీ గుచ్చాను. లేచింది.

"అంతేనా?" అన్నాడాయన. "రబ్బరుతో రుద్దితే లేస్తుందా?"

"రబ్బరు ఎవరైనా రుద్దుతారు బాబాయ్. ఎవరి చెయ్యి అన్నదే లెక్క."

"అబ్బో! ఒరేయ్ డాక్టరూ, ఆ చెయ్యి జాగ్రత్త. ఏ మ్యూజియం వాళ్ళో ఎత్తుకుపోతారు."

మొదటి రోజే ఒరేయ్ అనేశాడు. నాకు నచ్చేశాడు.

అసలు కాటా బాబాయి గురించి చెప్పాలి. ఇరవై ఆరేళ్ళుగా అదే కేబిన్. కంప్యూటరు రాకముందు అక్కడ ఇనుప కమ్మీ ఉండేది; దాని మీద గుండును జరుపుతూ లారీలు తూచేవాడు. ఆ జరపడం వల్లే ఆయన కుడి భుజం ఎడమ భుజం కంటే కాస్త కిందికి వాలి ఉంటుంది. లారీ మలుపు తిరుగుతుండగానే, టైర్లు ఎంత నొక్కుకుపోయాయో చూసి బరువు చెప్పేస్తాడు. ఒకసారి ఒక ఇసుక లారీని పలక మీద నిలబెట్టి, "పైన రెండు కాకులున్నాయి, తోలేసి రా" అన్నాడట. తోలాక తెర మీద అంకె సరిగ్గా ఆయన చెప్పినచోటికి దిగి ఆగిందట. ఇది నేను కళ్ళారా చూడలేదు. కానీ ఊరంతా చెప్పిందీ నేనే కాబట్టి నిజమనే అనుకోవాలి.

ఒకప్పుడు డ్రైవర్లు దిగి కేబిన్లోకి వచ్చేవాళ్ళు. చీటీ వచ్చేదాకా బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగి, ఏ రోడ్డు తెగిందో, ఎవరికి ఆడపిల్ల పుట్టిందో, ఎవరు ఎక్కడ బోల్తా పడ్డారో చెప్పేవాళ్ళు. బాబాయి ఎన్నడూ చూడని ఊళ్ళ సంగతులు బాబాయికి తెలిసినంత అక్కడివాళ్ళకు కూడా తెలియవు. "బండిలోంచి దిగి మాట్లాడరా, నీ అబద్ధాల బరువు కూడా పడుతోంది చీటీలో" అని ఆటపట్టించేవాడట.

తర్వాత ఓనరు గోడకు కిటికీ కొట్టించాడు. లారీ సీటు ఎత్తుకు సరిపోయేలా. డ్రైవరు దిగక్కర్లేదు, చెయ్యి చాపితే చీటీ. ఒక్కో లారీకి నాలుగు నిమిషాలు కలిసొచ్చాయి. బెంచీ మాత్రం అలాగే ఉండిపోయింది. నేను మొదటిసారి దానిమీద కూర్చున్నప్పుడు నా ప్యాంటుకు అంటిన దుమ్ము చూసి బాబాయి నొచ్చుకున్నాడు. లేచి, తన తువ్వాలుతో బెంచీ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తుడిచాడు. నేనొక్కణ్ణే కదా, ఒక మూల తుడిస్తే చాలేది.

ఒక సాయంత్రం స్కూటరు మీద ఇంటి దగ్గర దింపాను. తమ్ముడి ఇంటి మేడమీద ఒక గది, బయటనుంచే మెట్లు. తమ్ముడు మంచివాడే. మరదలు ఇంకా మంచిది. వేళ తప్పకుండా అన్నం క్యారియరు మెట్ల కమ్మీకి తగిలిస్తుంది. బాబాయి తిని, కడిగి, మళ్ళీ అదే కమ్మీకి తగిలిస్తాడు. కింద టీవీ మోగుతుంది, పిల్లలు కొట్టుకుంటారు, తమ్ముడు అరుస్తాడు. పైన అన్నీ వినబడతాయి. "దిగి వెళ్ళొచ్చుగా?" అన్నాను. "వెళ్తే అందరూ లేచి నిలబడి కుర్చీ వేస్తార్రా," అన్నాడు. "టీవీ గొంతు తగ్గిస్తారు. ఎందుకు వాళ్ళకు ఇబ్బంది?"

మూడు వారాలకు మళ్ళీ ఫోను. సోమవారం. అదే అరుపు. వెళ్ళి రుద్ది వచ్చాను. రెండు వారాలకు మళ్ళీ. సోమవారం. అలా ఆర్నెల్లలో ఎనిమిది సార్లు పిలిచాడు, ఒక్కటి కూడా మంగళవారం కాదు. వెళ్ళిన ప్రతిసారీ గంటసేపు కూర్చోబెట్టేవాడు. నేను కోతలు కోసేవాణ్ణి. కంప్యూటర్లో ఎలుక పురుడు పోసుకుంటే పిల్లల్ని కదపకుండా హార్డ్ డిస్కు మార్చానని, తల్లి ఎలుక పక్కన నిలబడి ఒక్కో స్క్రూ అందించిందని చెబితే, బాబాయి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. "పెద్ద స్క్రూలు కూడానా?" అని మాత్రం అడిగాడు.

ఎనిమిదోసారి ఓనరు కూడా ఉన్నాడు. వెనక అయిదు లారీలు హారన్లు కొడుతున్నాయి. "ఏమయ్యా, ఇంకొక్క సోమవారం ఇది మొరాయిస్తే చూడు," అన్నాడు బాబాయితో. "మనిషే అక్కర్లేని కాటా వచ్చింది. కెమెరా నంబరు చూసుకుంటుంది, చీటీ దానంతటదే బయటికొస్తుంది. పాతవాడివని ఊరుకుంటున్నా." బాబాయి తల ఊపాడు. ఓనరు వెళ్ళాక కూడా కాసేపు ఊపుతూనే ఉన్నాడు.

ఆ రోజే నా బుర్ర అతిగా పనిచేసింది. కవరుకు స్క్రూలు బిగించి లేవు. దుమ్ములో వేళ్ళ అచ్చులున్నాయి, నావి కావు. అప్పుడు లెక్క కుదిరినట్టనిపించింది. ఆదివారం కాటాకు సెలవు. మేడమీద గదిలో రోజంతా ఒక్కడే. తెల్లవారితే సోమవారం, ర్యాము వదులవుతుంది, డాక్టరు వస్తాడు, ఎలుక కథలు చెబుతాడు.

స్కూటరు ఎక్కుతూ కన్ను కొట్టాను. "బాబాయ్, జబ్బు కంప్యూటరుకా, నీకా?"

"అంటే?"

"ఆదివారం బోరు కొడితే సినిమాకెళ్ళు. దాని పన్ను పీకడం దేనికి?"

ఆయనకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "నేను పీకుతున్నానంటావా?"

"వేళ్ళ అచ్చులున్నాయిగా."

"నువ్వు ఊదినట్టే ఊది చూశాను. నిన్నెందుకు ప్రతిసారీ పిలవడమని. నేనెందుకు పీకుతానురా? ఓనరు ఏమన్నాడో విన్నావుగా."

"సరే సరే, నేనెవరికీ చెప్పన్లే," అని నవ్వుకుంటూ వచ్చేశాను. పైగా ఆ సంగతి అక్కకు గొప్పగా చెప్పాను, ఏదో దొంగతనం పట్టుకున్నట్టు.

"నిజంగా పీకాడే అనుకో," అంది అక్క కాగితాలు సర్దుతూ. "నిన్ను చూడాలని పిలిచిన మనిషి ఇన్నాళ్ళకు ఒకడు దొరికాడు. వెళ్ళొస్తే నీ గొప్పేం కరిగిపోదు."

ఆ తర్వాతి సోమవారమే ఫోను మోగింది. ఏడున్నర. ఈసారి బాబాయి ఏమీ మాట్లాడలేదు. నేరుగా ఫోను దాని పక్కన పెట్టాడు. పొడుగాటి అరుపు, విరామం, పొడుగాటి అరుపు. నేను విన్నాను. కులాసాగా విన్నాను.

"తీసినవాళ్ళే పెట్టుకుంటే మంచిది బాబాయ్," అని ఫోను పెట్టేశాను.

మళ్ళీ మోగింది. ఎత్తలేదు. ఎనిమిదికి మోగింది, ఎనిమిదిన్నరకు మోగింది. మోగిన ప్రతిసారీ అక్క చెక్క అడ్డం మీదినుంచి నావంక చూసింది. తొమ్మిది దాటాక మోగలేదు. నేను గెలిచాననుకున్నాను. పదింటికి ఆ గెలుపు ఏమీ బాగోలేదు. పదకొండు కొట్టేసరికి అక్క నా సామాన్ల సంచి తెచ్చి స్కూటరు సీటు మీద పెట్టింది. మాట్లాడలేదు. అక్క మాట్లాడకపోవడం మా వీధిలో ఎవరూ ఎరగరు.

మలుపు దాటేసరికి లారీల వరస కనబడింది. పద్నాలుగు లెక్కపెట్టి ఆపేశాను. కేబిన్ ముందు ఓనరు ఫోన్లో మాట్లాడుతున్నాడు. లోపల బాబాయి కిటికీ దగ్గర నిలబడి, ఒక్కో లారీని తేరిపార చూసి, చేత్తో చీటీలు రాస్తున్నాడు. కంటితో తూచి! డ్రైవర్లు ఒప్పుకునేలాగే ఉన్నారు. సరుకు కొనేవాళ్ళ మనిషి ఒప్పుకోవడంలేదు, ఓనరు ఆ చీటీలు చింపేస్తున్నాడు. చింపినకొద్దీ బాబాయి మళ్ళీ రాస్తున్నాడు.

నన్ను చూసి కలం పక్కన పెట్టాడు. "వచ్చారా," అన్నాడు. "రండి."

నేను నేలమీద కూర్చుని కవరు తీశాను. టార్చి వేసి చూస్తున్నాను, ఇంకా ఏమీ ముట్టుకోలేదు. ముందున్న లారీ డ్రైవరు విసిగిపోయి బండిని పలక మీదికి ఎక్కించాడు. నిండు లారీ. సిమెంటు దిమ్మ అదిరింది. ఆ అదురు నా మోకాళ్ళలోంచి పాకి పైకొచ్చింది. టార్చి వెలుతుర్లో ర్యాము ఒక కొస, వెంట్రుక వాసి పైకి లేచింది. దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ కొక్కెం ఎప్పుడో విరిగిపోయింది. ఎనిమిది సార్లు చూసి కూడా నేను దాన్ని చూడలేదు. విన్నాను కదా, ఇక చూడ్డం ఎందుకు!

వారమంతా ఇలా అదిరి కాస్త కాస్త వదులవుతున్నా, ఆపకుండా నడుస్తూ వేడి మీద ఎలాగో పట్టుకుని ఉంటుంది. ఆదివారం కరెంటు తీసేస్తే చల్లబడి వదిలేస్తుంది. అందుకే సోమవారం.

"బాబాయ్, ఈ బల్ల మొదట్నుంచీ ఇక్కడే ఉందా?"

"లేదండీ. ఆ లోపలి గోడ దగ్గర ఉండేది."

"ఎప్పుడు జరిపావు?"

"ఈ కిటికీ కొట్టించినప్పుడు. ఆర్నెల్లు దాటింది." లోపలి గోడ వైపు చెయ్యి చూపించి అన్నాడు: "అక్కడ కూర్చుంటే కిటికీలోంచి చేతులే కనబడేవి. చీటీ తీసుకునే చెయ్యి, అంతే. ఇక్కడైతే మొహం కూడా కనబడుతుంది. ఒక మాటో రెండు మాటలో అనొచ్చు."

లోపలి గోడ దగ్గర నేల వేరు. కిటికీ పక్కన నేల, పలక చుట్టూ ఉన్న దిమ్మ, రెండూ ఒకటే పోత. పదేళ్ళు కిక్కురుమనకుండా పనిచేసిన కంప్యూటరు ఈ ఆర్నెల్లలోనే ఎందుకు చెడుతోందని, కొత్తగా ఏం మారిందని, ఏ కుర్ర మెకానిక్కయినా మొట్టమొదట అడుగుతాడు. నేను అడగలేదు.

ఆయనకు ఏమీ చెప్పలేదు. ర్యాము రుద్ది గుచ్చి, విరిగిన కొక్కెం చోట గట్టి దారంతో కట్టేశాను. బయట పడి ఉన్న పాత టైరు ట్యూబు కోసి, నాలుగు మడతలు పెట్టి డబ్బా కింద వేశాను. స్విచ్చి నొక్కాను. లేచింది. మొత్తం పది నిమిషాలు పట్టిందేమో. లారీ పలక దిగుతూ దిమ్మను మళ్ళీ అదరగొట్టింది, డబ్బా చలించలేదు.

బయటికెళ్ళి ఓనరుతో చెప్పాను. "తప్పు ఈయనది కాదు సార్, నాది. జబ్బు ఇవాళే కనిపెట్టాను. ఇక చెడదు. ఏడున్నరకే పిలిచాడు, నేనే రాలేదు." జీవితంలో అంత పొడుగు నిజం అంతకుముందెప్పుడూ చెప్పినట్టు గుర్తులేదు.

"మంచిదయ్యా," అన్నాడు ఓనరు. కోపంగా కూడా అనలేదు. "కానీ కొత్తదానికి ఇప్పుడే చెప్పేశాను. పదిహేను రోజుల్లో వచ్చి బిగిస్తారు."

ఆ పదిహేను రోజులూ కంప్యూటరు మొదటి నొక్కుకే లేచింది. రెండు సోమవారాలు నేను ఫోను ముందు కూర్చున్నాను. మోగలేదు. ఎందుకు మోగుతుంది, నేనే కదా బాగుచేసింది.

కొత్త కాటా వచ్చాక ఒకసారి అటు వెళ్ళాను. లారీ ఎక్కింది, కెమెరా చూసింది, చీటీ బయటికొచ్చింది, లారీ దిగింది. కిటికీకి ఇనుప రేకు కొట్టేశారు. బెంచీ ఎవరో పట్టుకుపోయారు.

బాబాయిని గోడౌన్లో బస్తాలు చూసుకోమన్నాడట ఓనరు. రెండ్రోజులు వెళ్ళి మానేశాడట. నేను ఇంటికి వెళ్ళాను, సామాన్ల సంచి లేకుండా. మెట్ల కింద మరదలు ఎదురైంది. "ఇప్పుడు వేళకు తింటున్నారండీ," అంది సంతోషంగా. "రోజంతా పైనే ఉంటారు. ఏ ఇబ్బందీ పెట్టరు."

తలుపు తీసి ఉంది. బాబాయి మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నిలబడి, ఉన్న ఒక్క కుర్చీ వేశాడు.

"రండి, కూర్చోండి. ఏమైనా పని మీద వచ్చారా?"

"ఊరికే వచ్చాను బాబాయ్."

"ఊరికేనా," అన్నాడు. దాన్ని ఏం చేయాలో తెలియనట్టు చుట్టూ చూసి, గ్లాసు కడిగి నీళ్ళిచ్చాడు. కింద టీవీ మోగుతోంది. నా దగ్గర కొత్త కథ ఒకటి సిద్ధంగా ఉంది, రాయడానికి కూడా సిగ్గుపడేంత పెద్ద కోత. నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఆయనే అడిగాడు. "ఒక మాట చెప్పండి. ఆ రోజు మొదటి ఫోనుకే వచ్చుంటే లేచేదా?"

"లేచేది. తప్పంతా నాది."

తల ఊపాడు. అది ఆయనకు తెలుసు. అడగాల్సింది అది కాదు. గ్లాసు అంచు మీద వేలు తిప్పుతూ కూర్చున్నాడు.

"మీరు బల్ల సంగతి అడిగారు. అప్పట్నుంచీ అదే ఆలోచిస్తున్నాను. అది ఇటు జరిపినందుకే పాడైందా? నేను అక్కడే, ఆ గోడ దగ్గరే కూర్చునుంటే ఇవాళ్టికీ..."

నేను చిన్నప్పట్నుంచీ అబద్ధాలాడుతున్నాను. ఎలుకలు, ఫ్రిజ్జులు, కాకులు. ఇప్పుడు ఆడబోయేదంత చిన్నది వాటిలో ఒక్కటీ లేదు.

"బల్లకూ దానికీ ఏం సంబంధం లేదు బాబాయ్. లోపల కొక్కెం విరిగింది. పాతబడిపోయింది. ఎక్కడ పెట్టినా విరిగేదే."

"నిజంగా?"

"నా చెవుల మీద ఒట్టు."

ఆయన నావంక చూశాడు. టైర్లు ఎంత నొక్కుకున్నాయో చూసి బరువు చెప్పే మనిషి. ఏం చూశాడో తెలియదు. గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకున్నాడు.

"ఆ కిటికీ దగ్గర ఆ ఆర్నెల్లూ బాగుండేదండీ," అన్నాడు.

ఇంకేమైనా అంటాడేమోనని కూర్చున్నాను. కింద ఎవరో టీవీ గొంతు తగ్గించారు, పైన చుట్టం వచ్చాడని కాబోలు.